చెన్నపురిలో రెండు దినాలు: ఆలయం కదిలితే సాన్నిధ్యం కదులుతుందా?



బింబంలో భగవత్సాన్నిధ్యం నిలవడానికి ఆగమ సంప్రదాయం మూడు హేతువులు చెబుతుంది. మొదటిది అర్చకుని తపస్సు. రెండవది అర్చన యొక్క అతిశయం, అనగా లోపం లేక, విచ్ఛేదం లేక, సమృద్ధిగా జరగడం. మూడవది బింబం యొక్క ఆభిరూప్యం, అనగా శిల్పశాస్త్ర లక్షణాలతో కూడిన సౌందర్యం. ఈ మూడింటిలో ప్రాకారం ప్రస్తావన లేదు, గోపురం ఎత్తు ప్రస్తావన లేదు. అంతమాత్రాన స్థలానికి విలువ లేదని అర్థం కాదు. భూపరీక్ష, కర్షణం, గర్భన్యాసం అంటూ భూమిని సంస్కరించే విధులను ఆగమాలు ఎంతో విస్తరించి చెప్పాయి. అయినా సాన్నిధ్యహేతువులను లెక్కించిన చోట ఈ మూడింటినే చెప్పడంలో పూర్వుల అభిప్రాయం ఏమిటి? ఈ విచారణకు ఒక మహానగర చరిత్ర చక్కని వ్యాఖ్యానంలా ఉపకరిస్తుంది. మన పెద్దలు చెన్నపట్నమని, చెన్నపురియని పిలిచిన నేటి చెన్నై ఆ నగరం.

ఇది కేవలం గోష్ఠిలో చర్చించి విడిచిపెట్టదగిన విషయం కాదు. నెల్లూరు జిల్లాలో మేము తరతరాలుగా అర్చన చేస్తున్న శివాలయం ముందు రహదారి విస్తరణకు కొలతలు తీశారు. ముఖమండప స్తంభాల మీద ఎర్రరంగు గీత పడింది. ధ్వజస్తంభం ఆ గీతకు అవతల, రాబోయే రహదారిలో ఉంది. గ్రామం రెండు పక్షాలయింది. న్యాయస్థానానికి వెళ్లి పని ఆపించాలని ఒక పక్షం, పరిహారం తీసుకొని చెరువుగట్టు వద్ద నూతనాలయం కట్టుకుందామని మరొక పక్షం. శాస్త్రం ఏమంటుందో చెప్పమని ఉభయులూ నన్నే అడిగారు.

ఆ సమయంలోనే చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా జ్యేష్ఠకుమారుడు శని, ఆదివారాలు వచ్చి తన వద్ద ఉండమని పిలిచాడు. శివాలయ అర్చకునికి సోమవారం కదలరాని దినం. ప్రదోషం గాని, మాసశివరాత్రి గాని లేని వారాంతాన్ని చూసుకొని, అర్చనను మా తమ్ముడికి అప్పగించి, శుక్రవారం రాత్రి నెల్లూరులో రైలెక్కాము. నాతో మా గృహిణి, వేదపాఠశాలలో కృష్ణయజుర్వేదం అధ్యయనం చేస్తున్న మా చిన్నవాడు వచ్చారు. ప్రయాణం మూడు గంటలే. కాని చూడవలసిన చరిత్ర పన్నెండు శతాబ్దాలకు మించినది.

తిరువల్లిక్కేణి: తాకట్టు పడిన నైవేద్యం

శనివారం ఉదయం స్నానానుష్ఠానాలు ముగించుకొని తిరువల్లిక్కేణి చేరాము. దీనినే ఆంగ్లేయులు ట్రిప్లికేన్ అన్నారు. నూట ఎనిమిది దివ్యదేశాలలో ఇది ఒకటి. మూలవిరాట్టు వేంకటకృష్ణుడు, ఉత్సవమూర్తి పార్థసారథి. రుక్మిణి, బలరాముడు, సాత్యకి, ప్రద్యుమ్నుడు, అనిరుద్ధుడు చుట్టూ ఉండగా, చక్రం లేకుండా శంఖం మాత్రమే ధరించి స్వామి నిలిచి ఉంటాడు. యుద్ధంలో ఆయుధం పట్టనని ఇచ్చిన మాట మూర్తిలోనే నిలిచిపోయింది. భీష్ముని బాణాల గుర్తులు ఉత్సవమూర్తి ముఖాన ఉన్నాయని పెద్దలు చూపిస్తారు. ఇక్కడ వైఖానస ఆగమానుసారం అర్చన జరుగుతుంది. నేను శైవాగమ పద్ధతిలో అర్చించేవాడను. అయినా ఉపచారాల క్రమంలోని సమానధర్మాన్ని చూసి మనస్సు పొంగింది.

ఈ ఆలయంలో పల్లవరాజు దంతివర్మ కాలపు శిలాశాసనం ఒకటి ఉంది. అతడు క్రీ.శ. ఎనిమిదవ శతాబ్దం చివర, తొమ్మిదవ శతాబ్దం పూర్వార్ధంలో రాజ్యం చేసినవాడు. ప్రతి అర్చకుడూ తెలుసుకోవలసిన శాసనం ఇది. రాజు దిగ్విజయాలను వర్ణించడం దీని ప్రయోజనం కాదు. దేవుని భూమిని అర్చకులే తాకట్టు పెట్టగా స్వామి నైవేద్యానికి లోటు ఏర్పడిందని, ఒక దాత ధనమిచ్చి ఆ భూమిని విడిపించి నైవేద్యాన్ని పునరుద్ధరించాడని అది చెబుతుంది.

ఈ విషయం చెప్పినప్పుడు మా పెద్దవాడు ఆశ్చర్యపడి, "నాన్నగారూ, తాకట్టు పెట్టినది అర్చకులేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ కాలంలో ఏ శత్రుసైన్యమూ ఈ ఆలయాన్ని ముట్టడించినట్లు ఆ శాసనం చెప్పదు. శిల నిలిచే ఉంది, విగ్రహం చెక్కుచెదరలేదు, ఆగమం తెలిసినవారు ఎదుటనే ఉన్నారు. లోటు వచ్చినది వంటశాలలో. ఆలయాల చరిత్ర అనగానే మనవారు దండయాత్రలనే తలుస్తారు. దండయాత్రలు సత్యమే. కాని కొలతపాత్రలో బియ్యం తగ్గడంతో మొదలయ్యే క్షయం ఒకటి ఉంది. దానిని రాతిమీద చెక్కించి, వచ్చే తరాల వారు చదవాలని కోరిన ఆ పూర్వుల నిష్కపటతకు నమస్కరించాలి. రెండవ హేతువైన అర్చనాతిశయం ఎంత సున్నితమైనదో, దానిని నిలబెట్టేది నైవేద్యానికి విడిచిన ఒక చిన్న పొలమేనని ఆ శాసనం బోధిస్తుంది.

ఆధునిక కాలంలో కూడా ఈ వీధులకు గొప్ప పాత్ర ఉంది. వివేకానందస్వామి షికాగో సభకు వెళ్లడానికి ఇంటింటా తిరిగి ధనం సేకరించిన ఆలసింగ పెరుమాళ్ ఈ తిరువల్లిక్కేణి వాడే. ఆయన ఒక పాఠశాల ఉపాధ్యాయుడు. 1897 ఫిబ్రవరిలో స్వామి తిరిగివచ్చి తొమ్మిది దినాలు బస చేసిన భవనం సముద్రతీరాన నేటికీ ఉంది. ఒకప్పుడు మంచుగడ్డలు నిలువచేసిన ఇల్లు అది. ఇప్పుడు స్వామి పేరుతో పిలువబడుతున్నది.

ఎగ్మోరు మ్యూజియం: ఉపవాసమున్న మూర్తులు

మధ్యాహ్నం ఆలయాల తలుపులు మూసే వేళ ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లాము. ఇది 1851లో స్థాపించబడింది. మొదట అమరావతి శిల్పాల గది చూశాము. కృష్ణాతీరంలోని ఆ మహాచైత్యాన్ని 1797లో కాలిన్ మెకంజీ గుర్తించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి ఎన్నో ఫలకాలను మదరాసుకు చేర్చాడు. వాటిలో గణనీయమైన భాగం తరువాత లండనుకు తరలిపోయింది. అది బౌద్ధుల చైత్యం. మన సిద్ధాంతం వేరైనా విషయం ఒక్కటే. సంఘం ఉన్నంతకాలం ఆ శిలాఫలకాలు పూజ్యంగా ఉన్నాయి. ఆరాధించేవారు లేకపోయిన తరువాత కట్టడాలకు, సున్నపుబట్టీలకు పోయాయి. ప్రక్కనే ఉన్న అమరేశ్వరాలయంలో, పంచారామాలలో ఒకటైన ఆ క్షేత్రంలో, నేటికీ అభిషేకం జరుగుతున్నది. ఒకే ఊరిలో రెండు ఆరాధనా స్థానాలు. ఆరాధించేవారున్నది నిలిచింది, లేనిది మ్యూజియం పాలైంది.

తరువాత కాంస్యమూర్తుల మందిరం. మా గృహిణి ద్వారం వద్ద పాదరక్షలు విడిచింది. కాపలా ఉన్నవాడు ఇక్కడ అవసరం లేదమ్మా అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. లోపల తిరువాలంగాడు నటరాజమూర్తి ఉన్నాడు. చోళకాలపు పోతపని ఎంతటిదో ఆ ఒక్క మూర్తి చాలు. ఎత్తిన పాదంలోని తేలికదనాన్ని, అపస్మారుని వీపుపై మోపిన పాదంలోని బరువును ఒకే లోహంలో చూపిన స్థపతికి సమానులు అరుదు. ఆభిరూప్యం అనే మూడవ హేతువు అక్కడ పరిపూర్ణంగా ఉంది.

ఆమె చాలాసేపు చూసి, "ఏమండీ, వీరందరికీ ఈ పూట నైవేద్యం ఎవరు పెడతారు?" అని మెల్లగా అడిగింది.

మన దక్షిణదేశ మ్యూజియాలలోని అనేక ఉత్సవమూర్తులు భూమిలో దొరికినవి. ఉపద్రవకాలాలలో అర్చకులు వాటిని రహస్యంగా పాతిపెట్టారు. తిరిగి తీసి ప్రతిష్ఠించాలనే వారి సంకల్పం. కాని ఆ చోటు తెలిసినవారు తరువాతి వారికి చెప్పకముందే గతించారు. శతాబ్దాల తరువాత నాగలికో, పునాది త్రవ్వే గునపానికో అవి తగిలాయి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం అట్టి వస్తువులు ప్రభుత్వానికి తెలపవలసినవి. ఆ మార్గంలో ఎన్నో మూర్తులు గాజుపెట్టెలకు చేరాయి. వాటిని కాపాడిన మ్యూజియాన్ని తప్పుపట్టే పని లేదు. అది లేకపోతే అవి కరిగిపోయేవి, లేదా సముద్రాలు దాటేవి. విచ్ఛేదం జరిగినది అంతకు ముందే. ఒక తరం నోటినుండి మరొక తరం చెవికి వెళ్లవలసిన ఒక్క మాట ఆగిపోయింది.

ఆమె ప్రశ్నకు శాస్త్రరీత్యా సమాధానం ఉంది. దీర్ఘకాలం అర్చన లేని బింబంలో సాన్నిధ్యం తొలగుతుంది, పునఃసంప్రోక్షణ లేక అర్చించరాదు. అందువల్ల అక్కడ నైవేద్యలోపదోషం లేదు. ఈ సమాధానం చెప్పాను. ఆమె తల ఊపింది, కాని వెళ్తూ ఒకసారి వెనుదిరిగి చేతులు జోడించింది. శాస్త్రం చెప్పని చోట గృహిణుల ఆచారం చెబుతుందని మా గురువుగారు అనేవారు.

చెన్నకేశవుడు: కూలిన ఆలయం, నిలిచిన నామం

ఆదివారం ఉదయం జార్జిటౌను వీధులు ఖాళీగా ఉంటాయి. ఆ సమయం చూసుకొని హైకోర్టు ఎదుటికి వెళ్లాము. ఇక్కడ ఈ నగరం పుట్టుకను కొంత చెప్పాలి.

1639లో విజయనగర ఆరవీటి ప్రభువు వేంకటపతిరాయల పాలనలో ఈ తీరానికి అధికారి దామెర్ల వేంకటాద్రి నాయకుడు. వందవాసి వద్ద నుండి ఏలిన ఈ తెలుగు నాయకుడే ఇంగ్లీషు కంపెనీ తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ డేకు కోట కట్టుకోవడానికి అనుమతినిచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్పనాయకుని పేరిట చెన్నపట్నం ఏర్పడింది. ఆ సోదరులలో ఒకడైన దామెర్ల అంకభూపాలుడు తన ఉషాపరిణయ కావ్యంలో, పులికాటు డచ్చివారికి, మైలాపురం పోర్చుగీసువారికి నడుమ ఈ పట్టణాన్ని తండ్రి పేరిట నిలిపిన విషయం ప్రస్తావించాడు. పట్టణం పేరు చెన్నకేశవస్వామి వల్ల వచ్చిందని మరొక ప్రసిద్ధి ఉంది. ఏది మొదటిదైనా ఒక తెలుగు ప్రభువు నామం, ఒక దేవుని నామం ఈ నగరంలో కలిసిపోయాయి.

కోటకు ఉత్తరాన నేతగాండ్రు, వర్తకులు, దుబాసీలు స్థిరపడిన పట్టణాన్ని ఆంగ్లేయులు నల్లపట్టణం అన్నారు. దాని నడుమ చెన్నకేశవాలయం ఉండేది. 1640ల నాటి దానపత్రాలలోనే దాని ప్రస్తావన కనబడుతుంది. కంపెనీ వారికి దుబాసీగా, ప్రధాన వర్తకుడుగా ఉన్న తెలుగువాడు బేరి తిమ్మన్నకు ఈ ఆలయంతో గాఢ సంబంధం.

1746లో ఫ్రెంచివారు మదరాసును పట్టుకున్నారు. 1749లో సంధి ననుసరించి తిరిగి ఇచ్చారు. కోటగోడల దగ్గరగా ఇళ్లు ఉంటే శత్రువు వాటి చాటున వచ్చి ఫిరంగులు నిలుపుతాడని ఇంగ్లీషువారు భయపడ్డారు. ఫ్రెంచివారు కొంత కూల్చగా, మిగిలిన పాత నల్లపట్టణాన్ని వీరు కూల్చారు. ఫ్రెంచివారి మరొక ముట్టడి రానున్నదనే భీతితో 1757లో చెన్నకేశవాలయాన్ని కూడా నేలమట్టం చేశారు. ఆ ముట్టడి 1758 డిసెంబరులో వచ్చి, 1759 ఫిబ్రవరిలో విఫలమై పోయింది. కూల్చిన భూమి బయలుగా మిగిలింది. ఆ బయలులో ఎవరూ ఇక కట్టరాదని 1773లో హద్దురాళ్లుగా పదమూడు స్తంభాలు నాటించారు. వాటిలో ఒకటి ప్యారీస్ మూల వద్ద నేటికీ మిగిలి ఉంది. దాని ముందు నిలబడినప్పుడు మా ముఖమండపం మీది ఎర్రగీత గుర్తుకు వచ్చింది. ఆ గీతకు ఇది పూర్వజుడు. దేవుని వంక చూడకుండా దూరం మాత్రమే కొలిచిన హద్దు ఇది.

పాత ఆలయం ఉన్న ప్రాంతంలోనే 1892లో నేటి హైకోర్టు భవనం తెరువబడింది. గుమ్మటాలు, మినారులు గల ఆ సౌధం చూడవలసినదే. మా గ్రామంలో ఒక పక్షంవారు ఆశ్రయించదలచిన న్యాయస్థానం వంటిదే, ఒకనాడు తీసివేయబడిన ఆలయపు భూమిలో నిలిచి ఉండడం చూసి మా పెద్దవాడు చిరునవ్వు నవ్వాడు. చిన్నవాడు మాత్రం, "మరి స్వామి ఏమయ్యాడు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు సమాధానం అక్కడికి దగ్గరలోనే, పూలబజారులో ఉంది. ఆలయం పోయిన తరువాత పట్టణపు పెద్దలు ఊరకుండలేదు. దుబాసీ మనలి ముత్తుకృష్ణ మొదలియారు ముందు నిలిచాడు. ఆయన గవర్నరు పిగట్ వద్ద ఉన్నవాడు. 1762లో కంపెనీ వేరొక చోట భూమి ఇచ్చింది. ముత్తుకృష్ణుడు స్వంత ధనం వేశాడు, పట్టణ ప్రజలు చందాలు వేశారు. దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవునికి, చెన్నమల్లేశ్వరునికి ప్రక్కప్రక్కనే జంట ఆలయాలు లేచాయి. శివకేశవులకు ఒకే ద్వారాంతరం. జనం దానిని పట్టణం కోయిల్ అనే పిలుస్తారు. మేము వెళ్లిన సమయానికి ప్రాతఃకాల నివేదన ముగిసి తీర్థగోష్ఠి జరుగుతున్నది. బయట చామంతులు, సంపెంగలు రాశులుగా పోసి ఉన్నాయి. లోపల ఒక వృద్ధ అర్చకుడు నా యజ్ఞోపవీతాన్ని, విభూతిని చూసి శాఖ ఏదని అడిగాడు. చెప్పాను. "మల్లేశ్వరుని వద్దకు కూడా వెళ్లి రండి" అన్నాడు ఆదరంతో.

ఇక్కడి స్థలం పాతది కాదు, రాళ్లు పాతవి కావు. కోట గోడ కోసం ఒక ఆలయాన్ని కూల్చిన కంపెనీ పోయింది. ఆ కోటలో ఇప్పుడు రాష్ట్ర సచివాలయం ఉంది. కేశవుని నామం మాత్రం నేటికీ ఉదయం ఆ వీధిలో సంకల్పంలో చెప్పబడుతున్నది. పట్టణపు ప్రజలు ఒకే ఒక పని చేశారు. పరిహారంతో తృప్తిపడి ఇళ్లకు పోకుండా, అర్చనను తిరిగి నిలిపేవరకు విడువలేదు.

మైలాపురం: సముద్రతీరాన్ని విడిచిన స్వామి

ఆదివారం సాయంకాలం మైలాపురంలో కపాలీశ్వరుని దర్శనం. ఏడవ శతాబ్దపు నాయనారులైన తిరుజ్ఞానసంబంధర్, అప్పర్ ఈ స్వామిని కీర్తించారు. ఆ పదికాల ప్రకారం నాటి ఆలయం సముద్రతీరాన ఉండేది. పదునైదవ శతాబ్దపు అరుణగిరినాథర్ కూడా అలల సమీపాననే వర్ణించాడు. పోర్చుగీసువారు పదహారవ శతాబ్దంలో శాంథోమ్‌లో స్థిరపడ్డారు. తీరమందలి ఆ ఆలయం లుప్తమైంది. దాని శాసన శకలాలు శాంథోమ్ పరిసరాలలో, నేటి ఆలయపు గోడలలో దొరికాయి. తీరానికి లోపలిగా మరల ఆలయం నిర్మించబడింది. ఎదుటి విశాలమైన కోనేరు ఆర్కాటు నవాబు ఇచ్చిన భూమిలో ఉందని ప్రసిద్ధి. సుమారు నూట ఇరవై అడుగుల తూర్పు రాజగోపురం 1906లో పూర్తయింది.

ఇక్కడ సంబంధర్ పదికం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. శివనేశుడనే వర్తకుని కుమార్తె పూంపావై పాముకాటుతో మరణించింది. తండ్రి ఆమె అస్థులను ఒక కుంభంలో ఉంచి కాపాడాడు. సంబంధర్ వచ్చి పాడగా ఆమె ఆ కుంభం నుండి లేచిందని పురాణం. ఆ పదికంలో ఆయన ఆమెను ఏమని పిలిచాడు? ఈ క్షేత్రంలో జరిగే ఉత్సవాలను ఒక్కొక్కటిగా చెప్పి, వీటిని చూడకుండానే వెళ్లిపోతావా అని అడిగాడు. కార్తికదీపం, ఆర్ద్రా, పుష్యం, మాఘమాసపు సముద్రస్నానం, ఫాల్గునోత్తర, చివరకు మహాశాంతి వరకు. అనగా ఆ పదికం ఒక ఆలయపు సంవత్సర పంచాంగం. శిల్పాన్ని వర్ణించి ఆమెను లేపలేదు. ఉత్సవాలను స్మరింపజేసి లేపాడు.

ఇది చదివినవారికి జీర్ణోద్ధారణ విధి జ్ఞాపకం రాక మానదు. ఆలయాన్ని విప్పవలసి వచ్చినప్పుడు మేము కళాకర్షణం చేస్తాము. మూలబింబంలోని కళను మంత్రపూర్వకంగా జలకుంభంలోనికి ఆవాహన చేస్తాము. ఆ పిమ్మట బాలాలయంలో ఒక తరుణబింబాన్ని ఉంచి, అక్కడ నిత్యార్చన విడువకుండా చేస్తాము. పని పూర్తయిన తరువాత కుంభాన్ని తిరిగి తెచ్చి, అష్టబంధనం చేసి, కుంభాభిషేకం చేస్తాము. మధ్యలో ఒక్క కాలపు పూజ కూడా ఆగరాదు. పూంపావై కథలో కుంభం ఉంది, కుంభం నుండి పునరుత్థానం ఉంది, ఆ రెండింటి నడుమ తండ్రి నిరీక్షణ ఉంది. మైలాపురపు ఆలయమే తీరం నుండి అట్లా లేచి వచ్చింది. నేటికీ ఫాల్గున బ్రహ్మోత్సవంలో ఎనిమిదవ దినం ఉదయం పూంపావై కథను నడిపి, సాయంకాలం అరువత్తుమూవర్ అనే అరవైముగ్గురు నాయనారుల ఊరేగింపు జరుపుతారు. తీరం పోయినా పదికం చెప్పిన ఫాల్గునోత్సవం పోలేదు.

అదే 1906లో, గోపురం పూర్తయిన సంవత్సరంలోనే, మైలాపురంలో న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యర్ సంస్కృత కళాశాలను స్థాపించాడు. ఒక వైపు బింబానికి, గోపురానికి శోభ. మరొక వైపు శాస్త్రం చదివేవారికి ఆశ్రయం. ఈ రెండవది లేకుండా మొదటిది ఎగ్మోరులోని కాంస్యం వంటిది. మన తెలుగువారికి కూడా చెన్నపురి ఇట్టి ఉపకారమే చేసింది. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులవారు స్థాపించిన ముద్రణాలయం సంస్కృతగ్రంథాలను తెలుగులిపిలో శుద్ధంగా అచ్చువేసి పల్లెలకు పంపింది. మా తండ్రిగారి పెట్టెలోని పుస్తకాలలో చాలావాటి ముఖపత్రాలపై చెన్నపురి అనే ఉంటుంది. ఆ అక్షరాలు వ్రేలితో చూపి ఆయన మాకు పాఠం చెప్పారు.

మైలాపురపు పరిసరాలలోనే, బులుసు సాంబమూర్తిగారి ఇంట, పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష ప్రారంభించి డిసెంబరు 15న దేహం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చింది. చెన్నపట్నం రాలేదు. ఆయన పేరు ధరించిన జిల్లా మాది. పట్టణం మనది కాకపోయినా ఆ పట్టణం మనకు ఇచ్చిన పుస్తకం మన ఇంట ఉంది. స్థలం పోవడం, సారం నిలవడం దేవాలయాలకే పరిమితం కాదు.

సర్వవ్యాపికి స్థలమెందుకు?

ఆ రాత్రి కోనేటి మెట్లమీద మా పెద్దవాడు ఒక ప్రశ్న వేశాడు. "నాన్నగారూ, భగవంతుడు సర్వవ్యాపి కదా. గుడి రహదారి ప్రక్కన ఉంటే ఏమి, చెరువుగట్టున ఉంటే ఏమి?" అన్నాడు. ఈ ప్రశ్నను నేటి యువకులు చాలామంది అడుగుతారు. దీనికి పెద్దల సమాధానం ఉంది. పాలు ఆవు దేహమంతటా వ్యాపించిన సారమే. అయినా కొమ్ము పితికితే రావు, పొదుగు నుండే వస్తాయి. పొదుగు ఎక్కడ ఉన్నదీ ముఖ్యమే, ప్రతిదినం పితకడం అంతకంటె ముఖ్యం. పితకడం మానితే పొదుగు ఉండీ ఎండిపోతుంది.

వాడు కొంతసేపు ఆలోచించి, "అయితే ఏటా ఒక నెల నైవేద్యపు బియ్యం నా వంతు. కాగితాల పని ఉంటే అది కూడా నేను చూస్తాను" అన్నాడు. చిన్నవాడు ఏమీ అనలేదు. రైలులో కూర్చొని తన క్రమపాఠం వల్లించుకున్నాడు. ఆ పాఠం పూర్తికావడానికి ఇంకా సంవత్సరాలు పడుతుంది. పూర్తి చేస్తాడో, మధ్యలో ఆపి అన్నగారి బాట పడతాడో నేను నిర్ణయించలేను. మూడు హేతువులలో మొదటిదైన తపస్సు ఆజ్ఞతో వచ్చేది కాదు.

గ్రామసభలో నేను చెప్పిన శాస్త్రార్థం ఇది. సౌకర్యం కోసం స్థలం మార్చడాన్ని ఆగమం అంగీకరించదు. నదీకోత వంటి అనివార్య కారణం ఉన్నప్పుడే స్థానాంతరం. కనుక ముందుగా రహదారిని కొంత ప్రక్కకు జరపమని వినయంగా, లిఖితంగా అర్థించాలి. అది ఫలించకపోతే, శ్రీశైలం జలాశయపు ముంపు నుండి కూడవెల్లి సంగమేశ్వరుని ఆలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలిపిన ఉదాహరణ మన ఎదుటనే ఉంది. అట్లా చేయవలసి వస్తే నాలుగు నియమాలు. మొదటి రాయి కదలకముందే కళాకర్షణం జరిగి, బాలాలయంలో పూజ ప్రారంభం కావాలి. నైవేద్యానికి కేటాయించిన భూమిని ఎవరూ, అర్చకులమైన మేము కూడా, తాకట్టు పెట్టడానికి వీలులేని విధంగా పత్రం వ్రాయాలి. స్వామి ఉత్సవం ఏడాదికొకసారి పాత స్థలం మీదుగా సాగాలి. గ్రామం నుండి ఒక్క బాలుడినైనా అధ్యయనానికి పంపి, అతని పోషణను అందరూ వహించాలి.

మొదటి నియమానికి ఉభయపక్షాలూ సమ్మతించాయి. రెండవదానికి కూడా. మూడవదానిపై వాహనాల రాకపోకల గురించి చర్చ నడుస్తున్నది. నాలుగవది చెప్పినప్పుడు సభలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనమే నన్ను ఎర్రగీత కంటె ఎక్కువగా కలతపెడుతున్నది.

పాఠక మహాశయులు ఏ మహానగరానికైనా పిల్లలతో వెళ్లినప్పుడు కోటలు, గోపురాలు తప్పక చూపండి. వాటి సంవత్సరాలు చెప్పండి. దానితోపాటు ఆలయంలో మరి మూడు ప్రశ్నలు అడగడం నేర్పండి. ఈ పూట నైవేద్యం ఎంత, దానికి ఆధారం ఏది? ఇక్కడి ఉత్సవం ఏ వీధిలో ఎప్పటినుండి సాగుతున్నది? ఇక్కడి అర్చకుని వద్ద ఎవరైనా నేర్చుకుంటున్నారా? మూడవ ప్రశ్నకు సమాధానం లేని ఆలయం ఎంత ఎత్తుగా ఉన్నా, దాని విషయమై మనం జాగరూకులం కావాలి. సమాధానం ఉన్నచోట, పాకలో ఉన్నా ఆ స్వామికి సాష్టాంగపడి, చేతనైనంత బియ్యం సమర్పించి రండి.

స్వస్తి.